నైట్ డ్యూటీకి వేకువెప్పుడు?

భిలాయి ఉక్కు నగరంలో మూడు షిఫ్టుల సందున దేవుడితో మాట తెగకుండా బతికిన ఒక తెలుగింటి కథ

మా నాన్న బైబిల్లో నల్లటి వేలిముద్రలుంటాయి. అన్ని పేజీల్లోనూ ఉండవు. సంఖ్యాకాండం నిన్న కొన్నంత తెల్లగా ఉంటుంది. కీర్తనల దగ్గరికొచ్చేసరికి అంచులు మాస్తాయి. 121వ కీర్తన ఉన్న పేజీకైతే కింది మూలంతా మసే. ఎంత సబ్బు పెట్టి రుద్దినా గోళ్ల సందున మిగిలిపోయే కోక్ ఓవెన్ల బొగ్గు అది. మనల్ని కాపాడేవాడు కునకడు, నిద్రపోడు అని ఆ కీర్తన చెబుతుంది. నైట్ డ్యూటీ చేసేవాడికి అంతకంటే దగ్గరి మాట ఏముంటుంది? పైన ఇంకొకాయన కూడా నైట్ డ్యూటీలోనే ఉన్నాడని నాన్న ధీమా.

నా చిన్నప్పుడు ఒకసారి ఆంధ్ర నుంచి ఒక ప్రసంగీకుడు మూడు రోజుల కూడికలకు వచ్చారు. మంచి మాటకారి. రెండో రోజు అంశం ఏకాంత ప్రార్థన. వేకువన నాలుగింటికి లేచి మోకాళ్లూనని వాడు దేవుణ్ణి ప్రేమిస్తున్నానని చెప్పుకోకూడదన్నారు. ముందు వరుసలో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. నాన్న ఆ వారమంతా నైట్ షిఫ్టులో ఉన్నాడు. పగలంతా సరిగా నిద్ర పట్టక ఎర్రబడ్డ కళ్లతో వెనక బెంచీలో కూర్చున్నాడు. కూడిక అయ్యాక అందరూ వందనాలు చెప్పి వెళ్తుంటే తనూ వెళ్లి చేతులు కట్టుకుని అడిగాడు: “అయ్యగారూ, నాకీ వారం తెల్లవారడం సాయంత్రం నాలుగింటికండి. ఆ టైముకి ప్రార్థన చేసుకుంటే దేవుడికి పర్వాలేదేటండి?”

ఆయన హాయిగా నవ్వి నాన్న భుజం తట్టి వెళ్లిపోయారు. నాన్న మాత్రం నవ్వలేదు. తమాషాకి అడిగిన ప్రశ్న కాదది. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, దేవుడితో రోజువారీ స్నేహం గురించి నేను విన్న ప్రశ్నల్లో ఇంత నిజాయితీ ఉన్నది ఇంకొకటి లేదనిపిస్తుంది.

ఆదివారం మంగళవారమయ్యే ఊరు

భిలాయి ప్లాంటుకు సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. నాలుగేళ్ల తర్వాత, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మన రైళ్లు పరిగెత్తే పట్టాల్లో చాలా భాగం అక్కడ పుట్టినవే. ఆ కొలిమి లేవకముందే, మట్టి మోసే పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జనం రైలెక్కి వచ్చారు. మా తాత వాళ్లలో ఒకడు. ఒక రేకు ట్రంకు పెట్టె, అందులో రెండు పుస్తకాలు: బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. తాతకు చదువు రాదు. పుస్తకాలు తెచ్చింది మా నాయనమ్మ.

ఉత్తరాంధ్రలో ఆ రెండు పుస్తకాలు ఇళ్లలోకి రావడానికి వెనక పెద్ద కథే ఉంది. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టుల పని బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం మీదుగా పర్లాకిమిడి దాకా పాకింది. దానికి ఎంతో ముందే, 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి తెలుగు రాగతాళాల్లో క్రీస్తును పాడాడు. కీర్తనల పుస్తకం తెరిస్తే ఇప్పటికీ పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. మా నాయనమ్మకు రాగాల పేర్లు తెలియవు. తప్పుగా పాడితే మాత్రం తెలిసిపోయేది.

మా భిలాయి ఉన్న ఛత్తీస్‌గఢ్‌కూ సొంత క్రైస్తవం అప్పటికే ఉంది. 1868లో ఆస్కార్ లోర్ అనే మిషనరీ బిస్రాంపుర్‌లో దిగాడు. 1899లో కరువు రోజుల్లో అమెరికా మెన్నొనైట్లు ధమ్తరికి వచ్చారు. ప్లాంటు పుణ్యాన వీళ్లూ మేమూ మలయాళీలూ ఒడియావాళ్లూ ఛోటానాగ్‌పుర్ ఆదివాసీలూ ఒకే టౌన్‌షిప్పులో ఇరుగుపొరుగులమయ్యాం. సెక్టార్ 6లో జామా మసీదు, సెక్టార్ 2లో అయ్యప్ప గుడి, సెక్టార్ 9లో ఆంజనేయుడు. భిలాయిలో పెరిగినవాళ్లకు సెక్టారు నంబరు చెబితే చాలు, అక్కడ ఏ దేవుడుంటాడో చెప్పేస్తారు.

దేవుళ్లందరికీ ఉమ్మడి చిక్కు ఒకటుంది. అదే షిఫ్టు. పొద్దున ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి మళ్లీ ఆరు. ఉక్కు కర్మాగారానికి ఆదివారం లేదు. వారపు సెలవు తిరుగుతూ ఉంటుంది, ఒక నెల బుధవారం, ఇంకో నెల శనివారం. నాన్నకు ఏడాదిలో ఎన్ని ఆదివారాలు గుడికి వెళ్లడానికి కుదిరేదో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రభువు బల్ల రోజున డ్యూటీ పడితే ఆ మొహం చూడలేకపోయేవాళ్లం. క్రిస్మస్ ఉదయం ఆరాధన మధ్యలో లేచి సైకిలెక్కిన ఏళ్లున్నాయి.

అలాంటివాడి భక్తి ఆదివారాన్ని పట్టుకుని వేలాడితే ఎప్పుడో జారి పడిపోయేది. ఆరాధన దినం చేతికందనప్పుడు మిగిలేవి మామూలు రోజులే. భిలాయి క్రైస్తవుడికి దేవుడితో రోజూ మాట్లాడుకోవడం భక్తిలో పై మెట్టు కాదు. వేరే దారి లేక తొక్కిన దారి.

నాన్న తన లెక్క తనే వేసుకున్నాడు. క్వార్టరు నుంచి ప్లాంటు గేటు దాకా సైకిలు మీద ఇరవై నిమిషాలు. వీధి చివర వేపచెట్టు దాకా ఇంట్లోవాళ్ల పేర్లు. అక్కణ్ణుంచి చౌరస్తా దాకా ఊళ్లో ఉన్న చుట్టాలు, అప్పులు, పెళ్లి కావాల్సిన చెల్లెళ్లు. చౌరస్తా దాటాక తన బ్యాచ్‌లో వాళ్లు ఒక్కొక్కరు: ఒక యాదవ్, ఒక సాహు, ఒక వర్గీస్, ఒక అన్సారీ. గేటు దగ్గర సైకిలు దిగుతూ “ఇంక నువ్వు చూసుకో” అని ఒక్క ముక్క. కళ్లు మూసుకోవడం, మోకాళ్లూనడం ఏవీ లేవు. సైకిలు మీద కళ్లు మూస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు గదా.

‘నువ్వు’ అనే చనువు

మా అమ్మ నాన్నని ‘మీరు’ అంటుంది. పాస్టరు గారిని ‘తమరు’ అంటుంది. క్వార్టరు పైపు బాగుచేయడానికి వచ్చిన కుర్రాణ్ణి కూడా హిందీలో ‘ఆప్’ అంటుంది. దేవుణ్ణి మాత్రం ‘నువ్వు’.

తెలుగులో ఇదొక అద్భుతం. మనం దాని గురించి అంతగా ఆలోచించం. కలెక్టరుకు బహువచనం, దేవుడికి ఏకవచనం. త్యాగయ్య రాముణ్ణి అలాగే పిలిచాడు, రామదాసు అలాగే దెప్పాడు. క్రైస్తవులకు అది బైబిలు తెలుగులో ‘నీవు’గా వచ్చింది. చిక్కల్లా ఆ తెలుగుతోనే. గ్రాంథిక భాష, ‘యొక్క’లూ ‘గనుక’లూ. గుళ్లో లేచి నిలబడి ప్రార్థించమంటే, ఊళ్లో యాస మాట్లాడే మనిషి కూడా ఉన్నట్టుండి ముద్రణాలయం నుంచి వచ్చినట్టు మాట్లాడతాడు. పొడుగాటి వాక్యాలు, మధ్యమధ్య స్తోత్రములు, ఎక్కడా తడబాటు లేదు, ఎక్కడా మనిషీ లేడు. ఆ ప్రార్థనలు అబద్ధమని నేననను. పెళ్లికి పట్టుచీర కట్టుకోవడం అబద్ధం కాదు కదా. కానీ పట్టుచీరతో అంట్లు తోముకోలేం.

అమ్మ వంటింట్లో మాట్లాడే భాష వేరు. “నాయనా, ఈ గుంటడికి లెక్కలు రావట్లేదు, నువ్వేటి చేస్తావో చెయ్యి.” “నిన్న అడిగినాను, మర్చిపోనావా?” “కోపమొచ్చింది నాకు. నీ మీదే.” ఈ చివరి మాట విన్నప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు. భయపడ్డాను. పిడుగు పడుతుందేమోనని కిటికీలోంచి ఆకాశం చూశాను. పిడుగేం పడలేదు. పప్పు తిరగమోత వాసన వచ్చింది.

యేసు తన ప్రార్థనలో దేవుణ్ణి తండ్రి అని పిలిచిన అరమేయిక్ మాట ‘అబ్బా’ ఇంట్లో వాడే మాట. ఈ సంగతి ప్రసంగాల్లో వంద సార్లు విన్నాం. వింటాం, వెంటనే లేచి “మహోన్నతుడవగు” అని మొదలుపెడతాం. మా ఇంట్లో ఆ పాఠం అర్థమైంది ఒక్క అమ్మకే అనుకుంటాను.

పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో ఒక కార్మెలైట్ మఠంలో లారెన్స్ అనే సోదరుడు ఉండేవాడు. అసలు పేరు నికొలాస్ ఎర్మాన్. యుద్ధంలో కాలు దెబ్బతిన్న సిపాయి. మఠంలో పురోహితుడు కాదు, వంటవాడు. తర్వాత్తర్వాత చెప్పులు కుట్టాడు. వంట పని అంటే మొదట్లో ఇష్టమే లేదట. ప్రార్థన వేళకూ వంటపాత్రల చప్పుడు మధ్య గడిపే వేళకూ తనకు తేడా తెలియకుండా పోయిందని ఆయన చెప్పుకున్నాడు. 1691లో చనిపోయాక ఆయన ఉత్తరాలు, సంభాషణలు కలిపి ఒక మతాధికారి చిన్న పుస్తకం వేశాడు. ‘దైవసన్నిధి సాధన’ అనే అర్థం వచ్చే పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. కాలేజీ రోజుల్లో ఆ పుస్తకం చదివి, అమ్మకు కథంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని అడిగింది: “ఆయనకి పిల్లలున్నారా?”

లేరన్నాను.

“అదీ సంగతి,” అని బియ్యం ఏరుకుంది.

వంటింట్లో దేవుణ్ణి కనుక్కున్న మగవాళ్ల పుస్తకాలంటే అప్పటి నుంచి నాకు గౌరవంతో పాటు కొంచెం అనుమానం కూడా. లారెన్స్ సాధించింది తక్కువది కాదు. కానీ ఆయన గరిటె తిప్పుతుంటే కొంగు పట్టుకుని ఏడ్చినవాళ్లెవరూ లేరు. అమ్మ సన్నిధికి మధ్యమధ్య అంతరాయాలు. ‘నాయనా’ అని మొదలెట్టి ‘పాలు పొంగుతున్నాయే’ అని ఆగి, మళ్లీ ఎక్కడ ఆగిందో అక్కడ అందుకునేది. ఆగిపోయిన మాట అందుకోవడానికి మళ్లీ నమస్కారాలు, బిరుదులు అక్కర్లేకపోవడమే చనువు అంటే.

ప్లాంటు కట్టడానికి వచ్చిన రష్యన్ల దేశంలోనూ ఇలాంటి విద్య ఒకటుంది. ఊపిరితో పాటు యేసు పేరు జపించడం. పంతొమ్మిదో శతాబ్దంలో పేరు తెలియని ఒక యాత్రికుడి కథగా అది పుస్తకమైంది. భిలాయికి వచ్చిన ఇంజనీర్లు నాస్తిక రాజ్యం నుంచి వచ్చారు. వాళ్ల నాయనమ్మల్లో ఎవరైనా పొయ్యి ముందు ఆ జపం చేసి ఉంటారని ఊహించుకోవడం నాకు సరదా.

బ్యాటరీ చల్లారకూడదు

కోక్ ఓవెన్ చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. పుస్తకాల అరలో పుస్తకాలు నిలబెట్టినట్టు సన్నటి, ఎత్తయిన ఇటుక గదులు పక్కపక్కనే ఉంటాయి. ఆ వరుసను బ్యాటరీ అంటారు. పైనుంచి బొగ్గు పోసి, గాలి తగలకుండా తలుపులు బిగించి, గోడల అవతలి నుంచి గ్యాసుతో వేడి పెడతారు. పదహారు, పద్దెనిమిది గంటలు ఉడికాక లోపల వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో ఎర్రగా గడ్డకట్టిన కోక్‌ను ఒక పక్క నుంచి పుషర్ తోస్తే, రెండో పక్క బండిలో పడుతుంది. దాని మీద నీళ్లు గుమ్మరిస్తారు. తెల్లటి ఆవిరి మేఘం లేస్తుంది. రాత్రిపూట తోసినప్పుడు ఆకాశం నారింజ రంగుకు తిరుగుతుంది. మా వీధి పిల్లలకు అదే దీపావళి, రోజూ.

ఆ గోడలు సిలికా ఇటుకలవి. వేడిలో ఉన్నంతకాలం దశాబ్దాల తరబడి నిలబడతాయి. చల్లారితేనే ప్రమాదం. వేడి ఒక మట్టానికి దిగాక సిలికా లోపలి అమరిక మారి, ఇటుక కుంచించుకుపోయి చీలుతుంది. అందుకే బ్యాటరీని ఒకసారి వెలిగిస్తే దాని ఆయుష్షు తీరేదాకా ఆర్పరు. సమ్మె వచ్చినా, బొగ్గు అందకపోయినా, బయట కోక్ అవసరం తగ్గినా, ఉడికే వేగం తగ్గిస్తారు గాని వేడి తీయరు. పైగా మంట ఒకే వైపు నుంచి మండదు. ఇరవై, ముప్ఫై నిమిషాలకోసారి దిశ మారుస్తారు. లేకపోతే ఒక పక్క కాగిపోయి, రెండో పక్క ఆరిపోతుంది.

నాన్న దైవశాస్త్రమంతా ఇక్కడే ఉంది. ఆయన దాన్ని ఎప్పుడూ ప్రసంగంగా చెప్పలేదు. నేను ఇంటర్లో ఉండగా, యువజన కూడికల్లో మంట పుట్టించే ప్రసంగాలు విని వచ్చి, ఏడ్చి, రాత్రంతా ప్రార్థించి, పది రోజుల తర్వాత బైబిలు మొహం చూడటం మానేసేవాణ్ణి. మళ్లీ క్యాంపు, మళ్లీ ఏడుపు, మళ్లీ చల్లారడం. మూడోసారి నాన్న అన్నాడు: “అలా మాటిమాటికీ వెలిగించి ఆర్పితే ఇటుక పగిలిపోద్దిరా. నీకు కుదిరినంతే పెట్టు. సన్నగానే పెట్టు. కానీ తియ్యకు.”

ఉక్కు ఊళ్లో క్రైస్తవులకు కొలిమి అనగానే దానియేలు గ్రంథంలో ముగ్గురు యువకులు గుర్తొస్తారు. ఏడంతలు వేడెక్కించిన అగ్నిగుండం, అందులో నాలుగో మనిషి. భిలాయికి వచ్చే ఏ ప్రసంగీకుడూ ఆ కథ ఎత్తుకోకుండా వెళ్లడు. నాన్న మర్యాదగా తలూపుతాడు. ఆయనకు తెలిసిన కొలిమి అలాంటిది కాదు. అందులో అద్భుతాలు జరగవు, జరగకూడదు. ఉండాల్సిన వేడి ఉండాల్సినచోట ఉంటే ఆ రోజు లాగ్‌బుక్‌లో రాయడానికేమీ ఉండదు. రాయడానికేమీ లేని రోజే ఆయనకు మంచి రోజు.

మాట ఆగిన చోట

భిలాయిలో దేవుణ్ణి ప్రేమించడం గురించి రాస్తూ గ్యాసు గురించి రాయకపోతే తప్పు. 2014 జూన్ 12న ప్లాంటు పంప్‌హౌస్ దగ్గర గ్యాస్ లీకై ఆరుగురు చనిపోయారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ సముదాయంలో గ్యాస్ పైపుకు మరమ్మతు జరుగుతుండగా మంటలు లేచాయి. ఆ రోజే తొమ్మిది మంది పోయారు. కాలిన గాయాలతో తర్వాత మరికొందరు పోయారు.

నాన్న అప్పటికి రిటైరై ఆరేళ్లు. కబురు తెలియగానే చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోకుండా సెక్టార్ 9 ఆసుపత్రికి వెళ్లాడు. ఆ రోజు మంగళవారం. సెక్టార్ 9 ఆంజనేయుడి గుడి దగ్గర మంగళవారపు రద్దీ. ఆసుపత్రి బయట నిలబడ్డ జనంలో ఎవరు ఏ దేవుడి పేరు గొణుగుతున్నారో విడదీసి వినడం కుదరలేదన్నాడు. అంతా ఒకటే హోరు.

ఆ ఏడాది క్రిస్మస్ దాకా నాన్న కుటుంబ ప్రార్థనలో నోరు విప్పలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు చాప వేస్తే వచ్చి కూర్చునేవాడు. పాటకు పెదవి కదిపేవాడు కాదు. వాక్యం అమ్మ చదివేది, ప్రార్థన అమ్మ చేసేది, చివర్లో ఆమేన్ మేం అనేవాళ్లం. సంఘంలో కొందరికి ఇది నచ్చలేదు. విశ్వాసం సన్నగిల్లిందని ఒకరు, సాతాను శోధన అని ఒకరు. ఉపవాస ప్రార్థనలో పేరు పెడతామన్నారు. అమ్మ వద్దంది. “వస్తున్నాడు కదా. కూర్చుంటున్నాడు కదా,” అంది.

బ్లాస్ట్ ఫర్నేస్ మనుషులకు ఒక మాట ఉంది: బ్యాంకింగ్. ఏదైనా కారణంతో కొలిమిని కొన్నాళ్లు ఆపాల్సి వస్తే, లోపల కోక్ దట్టంగా నింపి, గాలి పోయే దారులన్నీ మూసి, వేడి పోకుండా ఉంచుతారు. ఉత్పత్తి సున్నా. బయటి నుంచి చూస్తే చచ్చిన కొలిమే. మా ఇంట్లో ఆ రెండున్నర నెలలు ఏం జరిగిందో నాకు ఆ మాటతోనే అర్థమైంది.

తెలుగు క్రైస్తవంలో దీనికి ఇంకా అందమైన మాట ఉంది, సన్నిధి. 1938లో బైబిలు మిషను నెలకొల్పిన ముంగమూరి దేవదాసు అయ్యగారు సన్నిధి కూటాలని పెట్టేవారు. అడగడం, పాడడం, ప్రసంగించడం కాదు, దేవుడి ఎదుట కనిపెట్టుకుని ఊరుకోవడం. ‘కనిపెట్టడం’ అనే క్రియకు మన వాడుకలో ఎదురుచూడటమనే అర్థమూ ఉంది, కాపలా కాయడమనే అర్థమూ ఉంది, కనుక్కోవడమనే అర్థమూ ఉంది. మూడూ ఒక్క మాటలోనే ఇమిడిన భాష మనది. బాప్టిస్టు అయిన మా నాన్న బైబిలు మిషను కూడికకు ఎప్పుడూ వెళ్లలేదు. ఆ చలికాలం ఆయన చాప మీద చేసింది మాత్రం అదే.

క్రిస్మస్ ముందు రాత్రి మళ్లీ మాట్లాడాడు. పోయినవాళ్లలో తనకు తెలిసిన పేర్లు చదివినట్టు చెప్పాడు. అంతే. చివర ఆమేన్ కూడా అనలేదు.

మన్నా, బాసీ

ఎడారిలో ఇశ్రాయేలీయులకు దొరికిన మన్నా గురించి బడిపిల్లలకు కూడా తెలుసు. ఏ రోజుది ఆ రోజు ఏరుకోవాలి, మర్నాటికి దాచుకుంటే పురుగు పడుతుంది. అనుదిన ధ్యానాల పుస్తకాలన్నీ ఈ కథ మీదే నడుస్తాయి. నిన్నటి భక్తి నేటికి పనికిరాదంటారు. నిజమే, సగం నిజం. ఛత్తీస్‌గఢ్‌లో ఇంకో సగం తింటారు. దాని పేరు బోరే బాసీ. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినడం. మన చద్దన్నమే. రాత్రంతా ఊరితేనే దానికి ఆ పులుపు, ఆ చలవ. మే నెల ఎండలో పొలానికి, పనికి వెళ్లే మనిషిని నిలబెట్టేది అదే.

ఇంట్లో ఊరిన భక్తి కూడా అలాంటిదే. నాయనమ్మ పాడిన కీర్తన అమ్మకు, అమ్మ నుంచి నాకు. ఇప్పుడు నా కూతురు అదే పాటను నోటుబుక్కులో దేవనాగరి లిపిలో రాసుకుంది, తెలుగు చదవడం రాక. ‘ళ’ పలకడం రాదు, ‘ల’ అంటుంది. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. అమ్మ కళ్లతోనే వారించింది.

జనవరి 1 ఆరాధనలో తీసుకునే వాగ్దానపు కార్డులు ఇప్పటికీ మా ఇంటి గోడకు వరుసగా ఉన్నాయి. ఏ ఏడు ఏ వచనం వచ్చిందో అమ్మకు తేదీలతో సహా గుర్తు. నాకు ఆ లాటరీ పద్ధతి మీద పెద్ద నమ్మకం లేదు. దేవుడు చీటీలు పంచుతాడా అని వాదిస్తాను. అయినా ఆ రోజు నా కార్డు తిప్పేటప్పుడు చెయ్యి కొంచెం వణుకుతుంది. వాట్సాప్‌లో తెల్లవారకముందే గులాబీల మీద అచ్చేసి వచ్చే వచనాల సంగతి వేరు. వాటిని పంపినవాళ్లు చదివారో లేదో నాకు అనుమానమే. పక్కింటివాళ్లకు పంపిన కూర గిన్నెకూ, వీధంతా పంచిన కరపత్రానికీ తేడా ఉంటుంది.

ఇంకో సంగతి క్లుప్తంగా. 2025 జులైలో దుర్గ్ రైల్వే స్టేషన్‌లో ఇద్దరు కేరళ సన్యాసినుల అరెస్టు దేశమంతటా వార్తయింది. తర్వాత వారికి బెయిలొచ్చింది. దుర్గ్ మాకు పక్కూరే. ఆ వారం మా గృహకూడికలో పాటలు కాస్త తగ్గు స్వరంలో సాగాయి. కిటికీ మూద్దామని ఎవరో అన్నారు. అమ్మ మూయనివ్వలేదు. యాభై ఏళ్లుగా ఈ వీధి మన పాట వింటోంది, ఈ రోజు వినపడకపోతే ఏమైందోనని కంగారుపడతారంది. పక్కింటి సాహు గారి భార్య మర్నాడు నిజంగానే వచ్చి, నిన్న అమ్మకు ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

నాన్నకిప్పుడు డెబ్బై దాటాయి. షిఫ్టులు లేవు. కావాలంటే రోజూ వేకువన నాలుగింటికి లేవొచ్చు, లేస్తాడు కూడా. మోకాళ్లు మాత్రం సహకరించవు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. ప్లాంటు వైపు ఆకాశం నారింజ రంగుకు తిరిగితే “ఒకటి తోసినారు” అంటాడు, మాలో ఎవరం విన్నా వినకపోయినా.

రెండిళ్ల అవతల కాంట్రాక్టు పనికి వెళ్లే కుర్రాడొకడున్నాడు. రాజ్‌నాంద్‌గావ్ వైపు పల్లె. మనవాడు కాదు, క్రైస్తవుడు కాదు, నాన్నను ‘అంకుల్’ అంటాడు. ప్రతి ఆదివారం గుడి నుంచి వస్తూ నాన్న వాడి గుమ్మం దగ్గర ఆగి, ఈ వారం ఏ షిఫ్టని అడుగుతాడు. ఎందుకడుగుతాడో వాడికి తెలియదు. ఇంటికొచ్చి కీర్తనల పుస్తకం వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకుంటాడు. పాత వారానిది చెరిపి, కొత్తది.

ఈ వారం వాడిది సెకండ్ షిఫ్టు. పది దాటాక మోటారు సైకిలు ఆగి, గేటు గొళ్లెం పడిన చప్పుడు వినబడితే గాని నాన్న వరండా లైటు తీయడు.